బాగానే ఉందండీ

ఐసుముక్కను అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసిన దగ్గర్నుంచీ యాంతి ముఖం మీద నవ్వు చెదరలేదు. చెయ్యి ముందు మొద్దుబారింది, తర్వాత మంటెత్తింది, ఆ మంట మోచేతి దాకా పాకింది. అయినా నవ్వు నవ్వులాగే ఉంది. ఆమె ఒక్కతే కాదు, హాల్లో చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళందరిదీ అదే వరస. గుప్పిళ్ళలోంచి నీళ్ళు కారి ఒళ్ళో పడుతుంటే, పెళ్ళివిందుకి వచ్చినంత ప్రసన్నంగా ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నారు.

బు కుస్తియా ఒక్కొక్కరి ముందూ ఆగి, వంగి అడుగుతోంది.

"ఎలా ఉంది తల్లీ, నొప్పిగా ఉందా?"

"లేదండీ, బాగానే ఉందండీ."

"నీకు?"

"పర్వాలేదండీ."

"నీకు యాంతీ?"

"హాయిగానే ఉందండీ," అంది యాంతి. వేళ్ళు తెగి ఒళ్ళో పడతాయేమోనని లోపల ఒకటే భయం.

బు కుస్తియా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. జుట్టు నెరిసేదాకా కాన్పులు చేసిన మనిషి. క్లతెన్ పక్కన ఆ చిన్న ఊళ్ళో సగం మంది ముఖాల్ని వాళ్ళ అమ్మలకంటే ముందు చూసింది ఆవిడే. అందుకే ఊరందరికీ ఆవిడ 'బు', అంటే అమ్మ.

"ఇంతమంది అబద్ధాలకోర్లు ఒక్క గదిలో నాకెప్పుడూ దొరకలేదు," అంది. "పారేయండి ఆ ఐసు. వేళ్ళు ఊడి కిందపడ్డా బాగానే ఉందంటారు మీరు."

హాలంతా ఘొల్లుమంది. చేతులు దులుపుకుని చంకల్లో పెట్టుకుని ఊదుకున్నారు.

"నవ్వకండి. రేపు మీరు పక్కన కూర్చోబోయే మనిషీ మీలాంటిదే. వెన్నెముక విరుగుతున్నట్టుంటుంది, వచ్చినవాళ్ళకి టీ ఇచ్చారా లేదా అని వెతుక్కుంటుంది. కాన్పు చేసేది నేను. బిడ్డ గుండె వినేది నేను, లోపల చూసేది నేను, తేడా వస్తే ఆసుపత్రికి పంపేది నేను. వీటి మీద మీ చెయ్యి పడకూడదు. డూలా అంటే ఆ మనిషికి తోడు. మీకు ఇచ్చేది ఆ ఒక్క మనిషిని. ఆవిడ నోటిమాట నమ్ముకుని కూర్చున్నారా, మీరు లేనట్టే."

"మరి దేన్ని నమ్మాలండీ?" అనడిగింది వెనక నుంచి ఒకామె.

"నాకెలా తెలుస్తుంది? ఏ మనిషికి ఆ మనిషి వేరు. వెళ్ళి చూసుకోండి."

యాంతికి ఆ మాట నచ్చింది. భయమూ వేసింది. ఆమెకు నచ్చినవన్నీ భయపెడతాయి, అది పుట్టుబుద్ధి. కూతురు కిరానా కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషి. పదకొండో తరగతి మధ్యలో బడి మానేసింది, పందొమ్మిదేళ్ళకు తల్లి అయింది, భర్త జర్వో కలిమంతాన్ వెళ్ళి పామాయిలు తోటల్లో పడ్డాడు. బట్టల కొట్టువాడు సర్టిఫికెట్ అడిగాడు, మందుల షాపువాడూ అడిగాడు. బు కుస్తియా ఒక్కతే అడగలేదు. "నీకు బిడ్డ ఉందా? ఆ రోజు నీకు బాగా గుర్తుందా?" అని మాత్రం అడిగింది. యాంతికి ఆ రోజు గుర్తులేకపోవడమేమిటి.

శిక్షణ మొదలైన దగ్గర్నుంచీ ఆమెకు ఒళ్ళు తేలికైనట్టుంది. గుడ్డబొమ్మను ప్లాస్టిక్ తుంటి ఎముకలోంచి తిప్పి తిప్పి బయటికి తీయడం, జారిక్ గుడ్డను పొట్ట కింద వేసి జల్లెడ పట్టినట్టు అటూ ఇటూ ఊపడం, నడుము కింద అరచేత్తో ఎక్కడ నొక్కితే ఎముక సర్దుకుంటుందో వెతకడం. ఇంటికొచ్చాక పాత్రలు తోముతూ అవే నెమరేసుకునేది. కూతురి బొమ్మకు రోజుకు నాలుగు కాన్పులయ్యేవి.

ఒక్కటే మెలిక. శిక్షణ చివర్లో ఒక్కొక్కరూ ఒక్కో నిజమైన కాన్పుకి తోడుండాలి. అయ్యాక బు కుస్తియా ఆ బాలింతను అడుగుతుంది, ఈ అమ్మాయిని మళ్ళీ రమ్మంటావా అని. జవాబు ఆవిడకు నచ్చితే ఆ కాన్పుల ఇంట్లోనే పని. నచ్చకపోతే ఇంటికి.

"బాలింత ఎలాగూ బాగుందనే చెబుతుంది కదండీ," అని యాంతి ఆశగా అంది.

"చెబుతుంది. అది నాకు చాలదు."

"మరేం చెప్పాలండీ?"

"వింటే తెలుస్తుంది," అని వెళ్ళిపోయింది బు కుస్తియా.

యాంతికి ఆ రోజు నుంచీ అన్నం సహించలేదు. ఎందుకంటే ఇంట్లో అత్తగారు అప్పటికే క్రుపుక్ అప్పడాలు ఆరబెట్టే చోట ఆమెకో జాగా చూసిపెట్టింది. ఈ ముచ్చట కుదిరితే సరే, లేదంటే సోమవారం నుంచి ఎండలో తట్టలు మోయడమే. అత్తగారు చెడ్డది కాదు, మాట ఇచ్చేసింది, అంతే.

యాంతి వంతు ఒక ఉదయం వచ్చింది.

ఫోన్లో బు కుస్తియా రెండే మాటలంది: "నింగ్సికి నొప్పులు. రా." యాంతి జారిక్ గుడ్డను భుజాన అడ్డంగా ముడేసుకుంది, జడ బిగించుకుంది, స్కూటరు తీసింది. గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చి కిరానా నుదురు తాకి చూసింది. మళ్ళీ గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"జ్వరం లేదే దానికి," అంది అత్తగారు, కొబ్బరి కోరుతూ. "అయినా పక్కన కూర్చోడానికి చదువేమిటే? నీ కాన్పుకి నేను కూర్చోలా?"

"కూర్చున్నారు అత్తయ్యా."

"ఏం, బాగా చూసుకోలా?"

"బాగానే చూసుకున్నారు అత్తయ్యా," అంది యాంతి, స్కూటరు ఎక్కేస్తూ.

దారి పొడుగునా చెరుకుతోటల మీద ఎండ మెరుస్తోంది. ఆమె గుండె స్కూటరు కంటే ముందు పరిగెత్తుతోంది. ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాలనిపించింది, నేను కాన్పుకి వెళ్తున్నాను, నాకోసం ఒకామె ఎదురుచూస్తోంది అని. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు పడితే పక్కనున్న కోళ్ళబండివాడికి చెప్పేసింది కూడా.

"మంచిదమ్మా," అన్నాడతను. "కోడి కావాలా?"

కాన్పుల ఇంట్లో చివరి గది తలుపు తెరిచేసరికి లోపల ఒక ముసలమ్మ బీరువాలు తెరుస్తోంది. మందుల బీరువా, దుప్పట్ల బీరువా, గోడకున్న చిన్న అద్దాల పెట్టె, బల్ల సొరుగులు, అన్నీ బార్లా తెరిచి పెట్టింది. ఆవిడ నింగ్సి అత్తగారు, తుమిని అవ్వ. ఇంట్లో మూసినవీ ముడేసినవీ ఉంటే బిడ్డ దారి కూడా మూసుకుంటుందని ఆవిడ నమ్మకం. యాంతి వాళ్ళ ఇంట్లోనూ అంతే కాబట్టి ఆమెకేమీ వింతగా లేదు. కానీ ముసలమ్మ కళ్ళు యాంతి భుజం మీది ముడి మీద పడ్డాయి.

"ఇప్పేయ్," అంది.

యాంతి జారిక్ ముడి ఇప్పింది.

"జడ కూడా."

జడ కూడా ఇప్పింది. జుట్టంతా ముఖం మీద పడుతుంటే, నింగ్సి పడుకున్న మంచం దగ్గరికి వెళ్ళింది. నింగ్సిది తొలి కాన్పు, నిండు పొట్ట. చక్కటి నవ్వు. ఆ నవ్వు చూడగానే ఎందుకో యాంతి చేతిలో ఐసుముక్క పెట్టినట్టయింది, కానీ ఆ సంబరంలో పట్టించుకోలేదు.

"రండి రండి, పాపం పొద్దున్నే శ్రమపెట్టాం మిమ్మల్ని," అంది నింగ్సి. "ఏవండీ, ఈవిడకి కుర్చీ వెయ్యండి. టీ తాగారా?"

భర్త బగ్యో ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక ఇద్దరు మేనత్తలు, ఒక పక్కింటావిడ, చేతుల్లో లెంపర్ అన్నం చుట్టిన అరటాకు పొట్లాలు. అందరూ గోడవారన చాప మీద చేరి, నింగ్సి కూర్చోమనేదాకా నిలబడ్డారు. నింగ్సి ఒక్కొక్కరినీ పేరుపేరునా కూర్చోమంది. మధ్యలో నొప్పి వచ్చింది. ఆమె మంచం పట్టెను పట్టుకుని, కళ్ళు మూసి, నొప్పి వెళ్ళిపోయేదాకా ఊరుకుని, కళ్ళు తెరిచి, "లెంపర్ తీసుకోండి అత్తా, వేడిగా ఉన్నాయి," అంది.

యాంతి పని మొదలుపెట్టింది. నేర్చుకున్నదంతా చేతుల్లోకి ఉరికింది. నొప్పి వచ్చినప్పుడల్లా తుంటికి రెండు వైపులా అరచేతులు పెట్టి లోపలికి నొక్కింది.

"ఇక్కడేనా అక్కా? బాగుందా?"

"చాలా బాగుందండీ."

"కొంచెం పైకి?"

"అది కూడా బాగుందండీ. మీ చేతులు నొప్పి పుట్టడం లేదూ?"

యాంతి ఉబ్బిపోయింది. చూశారా, నా చేతిలో ఏదో ఉంది, అనుకుంది. నొక్కింది, రుద్దింది, ఊపింది. నింగ్సి దేనికైనా బాగుందనే అంటోంది. మేనత్తలు మెచ్చుకోలుగా తలలూపుతున్నారు. కిటికీలోంచి ఎండ మంచం మీదినుంచి గోడ మీదికి పాకింది.

బు కుస్తియా వచ్చి బిడ్డ గుండె విన్నది, లోపల చూసింది. "బిడ్డ చక్కగా ఉంది, తల్లీ చక్కగా ఉంది. కానీ పొద్దున ఎక్కడుందో దారి అక్కడే ఉంది. నొప్పుల మధ్య ఎడం పెరుగుతోంది." తొడుగులు తీస్తూ యాంతి వైపు తిరిగింది. "ఏమంటోంది ఈవిడ?"

"బాగానే ఉందంటున్నారండీ."

"ఊఁ," అంది బు కుస్తియా, వెళ్ళిపోయింది.

ఆ 'ఊఁ' యాంతి చెవిలోంచి పోలేదు. మళ్ళీ నొప్పి వచ్చింది, మళ్ళీ నొక్కింది, "బాగుందా అక్కా," అంది. "బాగుందండీ," అంది నింగ్సి. ఈసారి యాంతి ఆమె ముఖం వైపు చూడలేదు. కిందకి చూసింది. దుప్పటి చివర నింగ్సి కాలి బొటనవేళ్ళు రెండూ కొక్కేల్లా వంకర తిరిగి ఉన్నాయి. యాంతి చేతులు తీసేసింది. వేళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. మళ్ళీ చెయ్యి వేసింది. ముడుచుకుపోయాయి.

అప్పుడు తెలిసింది. యాంతి కాన్పు రోజు అత్తగారు పక్కన కూర్చుని పొట్టకి కయుపుతి నూనె రాస్తూనే ఉంది, గంటల తరబడి. ఆ ఘాటు, ఆ రాపిడి, ఎప్పుడు ఆపుతుందా అని ప్రాణం లోపల గింజుకులాడింది. "బాగుందా తల్లీ?" అని ఆవిడ అడిగినప్పుడల్లా యాంతి, "బాగుంది అత్తయ్యా," అంది. ఆవిడ పాపం ఇంకా గట్టిగా రాసింది. ఈ పొద్దున కూడా అదే మాట చెప్పి వచ్చింది కదా.

అంటే నేనిప్పుడు మా అత్తగారినయ్యాను, అనుకుంది యాంతి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"అక్కా, నిజం చెప్పండి. నేను నొక్కేది మీకు పడటం లేదు కదూ?"

"అయ్యో, అదేం మాటండీ. మీరు ఇంత కష్టపడుతున్నారు."

"నొప్పి తగ్గుతోందా?"

"తగ్గుతున్నట్టే ఉందండీ," అని, గోడవైపు చూసి, "అత్తా, చక్కెర సరిపోయిందా?" అంది.

యాంతికి ఆ చూపు పట్టుబడింది. ఈమె కాన్పుకి రాలేదు. ఇంటికొచ్చిన వాళ్ళకి మర్యాదలు చేస్తోంది. ఇంతమంది చాప మీద కూర్చుని ఉండగా ఆ ఒళ్ళు బిడ్డను ఎలా వదులుతుంది? కానీ పెద్దవాళ్ళని బయటికి పొమ్మనడమెలా? తన నోట అలాంటి మాట ఎన్నడూ రాలేదు. చెమట పట్టింది. చివరికి తుమిని అవ్వ దగ్గరికి వెళ్ళి వంగి నిలబడింది.

"అవ్వా, ఇలాంటప్పుడు పెద్దవాళ్ళ దువా ఎంత పని చేస్తుందో మీకు నేను చెప్పేదేముంది. పక్కన నమాజు గది ఖాళీగా ఉంది. అందరూ కలిసి మీరు ముందు కూర్చుని చదివితే..."

ముసలమ్మ ముఖం వెలిగింది. "నేనూ అదే అనుకుంటున్నానే. వీళ్ళకి తట్టదే. లేవండి లేవండి," అని మేనత్తల్నీ, పక్కింటావిణ్ణీ, కొడుకునీ, ఫ్లాస్కునీ తోలుకుని బయటికి నడిచింది. బీరువాలు మాత్రం ఎవరూ ముయ్యొద్దని వేలు చూపించి మరీ వెళ్ళింది.

గది ఖాళీ అయింది. యాంతి తలుపు దగ్గరగా వేసింది. నింగ్సి ఇంకా నవ్వుతూనే ఉంది, ఇప్పుడు ఆ నవ్వు యాంతి ఒక్కదానికి. యాంతికి ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. రావడమే ఆలస్యం, చేసేసింది. నింగ్సి భుజం నొక్కింది.

"ఇక్కడ బాగుందా అక్కా?"

"బాగుందండీ."

మోకాలిచిప్ప నొక్కింది. "ఇక్కడ?"

"బాగుందండీ."

ముంజేయి నొక్కింది. బాగుంది. మోచెయ్యి నొక్కింది. అదీ బాగుంది. ఈసారి చెవి పట్టుకుని నులిమింది, బడిలో మాస్టారు నులిమినట్టు. "ఇక్కడ?"

"బాగుం..." నింగ్సి ఆగిపోయింది. యాంతి ముఖంలోకి చూసింది. "నా చెవి నులుముతున్నారు మీరు."

"బాగుందా మరి?"

నింగ్సి పెదాలు వణికాయి. ముందు ముక్కులోంచి వచ్చింది నవ్వు, తర్వాత పొట్టంతా కదిలింది. యాంతి కూడా ఆపుకోలేకపోయింది. ఇద్దరూ మంచం పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే పెద్ద నొప్పి లేచింది, పొద్దుటినుంచీ రానంత పెద్దది. నింగ్సి కళ్ళు వెడల్పయ్యాయి.

"ఎక్కడ నొక్కను?" అంది యాంతి.

"మీ ఇష్టమండీ."

"అయితే చెవే."

"చెవి కాదు," అంది నింగ్సి పళ్ళ బిగువున. యాంతి చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. "చెవి కాదే మొద్దూ, కింద. నడుము కింద, మధ్యలో. పక్కల కాదు, పొద్దుటినుంచీ ఆ పక్కలే నొక్కి చంపుతున్నావు. మధ్యలో. గట్టిగా. ఇంకా గట్టిగా. చేతులా అవి, ఇడ్లీలా?"

నిజానికి ఆమె అన్నది ఇడ్లీలని కాదు, లొంతోంగ్ అన్నం కట్టలని. ఉద్దేశం మాత్రం అదే.

యాంతి రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి, ఒంటి బరువంతా వాటి మీద పెట్టింది. నింగ్సి గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, లోతుగా, నేల కింద నుంచి వచ్చినట్టు. యాంతి కిందకి చూసింది. బొటనవేళ్ళు విచ్చుకునే ఉన్నాయి. ఆమె ఒంట్లో ప్రతి వెంట్రుకా నిక్కబొడుచుకుంది. దొరికింది, దొరికింది, అని లోపల ఎవరో గెంతుతున్నారు.

ఆ తర్వాత నింగ్సి ఆగలేదు. కిటికీ మూయమంది, తెరవమంది. నీళ్ళు కావాలంది, ఇస్తే ఎవరిమ్మన్నారంది. మంచం దిగి నేల మీద మోకాళ్ళూ చేతులూ ఆనించి వంగింది. యాంతి జారిక్‌ను ఆమె పొట్ట కింద వేసి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా జల్లెడ పట్టినట్టు ఊపింది. "ఆపకు," అంది నింగ్సి. ఒక నొప్పికి యాంతి మెడ పట్టుకుని వేలాడింది, ఇంకో నొప్పికి ఆమె భుజం కొరికింది. యాంతి ఆమె ముఖానికి ముఖం ఆనించి, తనూ ఆమెతో పాటు ఊపిరి పొడుగ్గా వదిలింది. జుట్టంతా చెమటకి ఇద్దరి చెంపలకీ కలిపి అంటుకుంది.

ఈ గొడవకి తలుపు తెరుచుకుంది. తుమిని అవ్వ, ఆవిడ భుజం మీదినుంచి బగ్యో తొంగిచూస్తున్నారు. పెళ్ళైనప్పటినుంచీ కోడలి గొంతు వంటింటి గడప దాటగా వినలేదు వాళ్ళు.

"ఏమిటా చూపులు?" అంది నింగ్సి భర్తతో. "వస్తే లోపలికి రా, పోతే పో. ఆ ఫ్లాస్కు కింద పెట్టు. అత్తయ్యా, ఆ అద్దాల పెట్టె తలుపు కిర్రుకిర్రుమంటోంది, ముట్టుకోకండి, నాకు ప్రాణం పోతోంది."

యాంతి గుండె ఆగినంత పనైంది. ఇప్పుడీ ముసలమ్మ ఏమంటుందో, ఈ అమ్మాయిని ఎవరు ఇలా చేశారని తనని అడుగుతుందో. తుమిని అవ్వ కోడలి వైపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, నెమ్మదిగా అంది:

"అన్నీ తెరిచాను. ఈ నోరొక్కటే మర్చిపోయాను."

అని గుమ్మం అవతల నేల మీద కూర్చుండిపోయింది. బగ్యో ఫ్లాస్కు కింద పెట్టి లోపలికొచ్చి, ఎక్కడ నిలబడాలో తెలియక, యాంతి చూపించిన చోట మోకరిల్లి భార్య చేతులు పట్టుకున్నాడు.

బు కుస్తియా వచ్చింది. ఒక్కసారి చూసి, ఏమీ అడక్కుండా చేతులు కడుక్కుంది. "దారి వచ్చేసింది," అంది. "ఇక నీ ఇష్టం నింగ్సీ. నీకెప్పుడు తోయాలనిపిస్తే అప్పుడు."

నింగ్సి తోసింది. యాంతి వెనకనుంచి ఆమెను ఒళ్ళోకి తీసుకుని కూర్చుంది. ఆమె ఒళ్ళు బిగుసుకున్నప్పుడల్లా యాంతి ఒళ్ళూ బిగుసుకుంటోంది. "వస్తోంది, జుట్టు కనిపిస్తోంది," అంది బు కుస్తియా. నింగ్సి చెయ్యి కిందకి పెట్టి తాకి చూసుకుని, "నిజంగానే ఉందే," అంది, ఇన్నాళ్ళూ నమ్మనట్టు. ఇంకో తోపుకి తల, ఆ వెంటనే భుజాలు, తర్వాత ఒక్కసారిగా మొత్తం, నీళ్ళతో సహా జారి బు కుస్తియా చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. వచ్చీ రాగానే గుక్కపట్టి ఏడ్చింది. బు కుస్తియా తడిగానే బిడ్డను తల్లి గుండెల మీద పెట్టింది. బగ్యో బిడ్డ కుడిచెవి దగ్గర వంగి అజాన్ మొదలుపెట్టి, రెండో మాటకే తడబడి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు.

యాంతి వెక్కి వెక్కి ఏడుస్తోందని ఆమెకి తెలియలేదు, నింగ్సి మెడ తడిసేదాకా.

సాయంత్రం అసర్ నమాజు వేళకి గది సర్దారు. నింగ్సి ఒళ్ళు తుడిపించుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, దిండుకి ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. ముఖంలో మళ్ళీ ఆ చక్కటి నవ్వు.

"క్షమించాలండీ," అంది నింగ్సి యాంతితో, తల వంచి. "నోటికొచ్చినవన్నీ అన్నాను. మీరేమీ మనసులో పెట్టుకోకండి."

"అయ్యో, లేదక్కా."

బు కుస్తియా మంచం పక్కన నిలబడింది. "నింగ్సీ, ఈ అమ్మాయి తోడున్న మొదటి కాన్పు ఇదే. ఎలా చూసుకుంది నిన్ను? మళ్ళీ కాన్పుకి ఈమెనే రమ్మంటావా?"

యాంతి గోడకి అతుక్కుపోయింది.

"చాలా బాగా చూసుకున్నారండీ," అంది నింగ్సి. "ఆవిడకి చాలా శ్రమ ఇచ్చాం. మాకే సిగ్గుగా ఉంది."

అయిపోయింది. యాంతికి ఆ మాటలు ఒక్కొక్కటీ తెలుసు, తనే వేలసార్లు అని ఉంటుంది. అవి లోపల ఏమీ లేని డబ్బాలు. బు కుస్తియా 'ఊఁ' అంది, పొద్దున అన్నట్టే. గిన్నె తీసుకుంది, తువ్వాలు తీసుకుంది, తలుపు వైపు నడిచింది. యాంతి కళ్ళ ముందు అప్పడాల తట్టలు వరసగా కనిపించాయి, ఎండలో తెల్లగా.

"అమ్మా," అని పిలిచింది నింగ్సి.

బు కుస్తియా ఆగింది.

"ఏం లేదండీ. ఈసారి వచ్చేటప్పుడు... ఆవిడతో చెప్పండి, పొద్దున్నే పెతై గింజలు తిని రావొద్దని." నింగ్సి బిడ్డ వైపు చూస్తూ మాట్లాడుతోంది. "ముఖంలో ముఖం పెట్టి ఊపిరి వదిలినప్పుడల్లా ఆ కంపంతా నా ముక్కులోకే. సగం ఆ వాసన భరించలేకే తోసేశాను."

యాంతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తగారి పెతై కూర, పొద్దున రెండు ముద్దలు.

బు కుస్తియా గిన్నె కింద పెట్టి వెనక్కి వచ్చింది. "ఇంకా?" అంది. ఆవిడ ముఖం విప్పారుతోంది.

"గోళ్ళు. ఎడం చేతివి. గీసుకుపోయింది ఇక్కడ, చూడండి."

"ఇంకా?"

"శెభాష్ శెభాష్ అంటూనే ఉంది, మేకని తోలినట్టు. ఒకటి రెండుసార్లు అంటే చాలు. నోరు మూసుకుని ఉన్నప్పుడే బాగుంది." నింగ్సికి జోరు వచ్చింది. "ఆ జుట్టొకటి. అత్తయ్య ఇప్పమంది సరే, కాస్త వెనక్కి తోసుకోవచ్చు కదా, నా నోట్లోకి వచ్చింది. ఇక ఆ ఏడుపు. కన్నది నేను, ఏడ్చింది తను. నా మెడంతా తడిపేసింది."

"ఇంకా, తల్లీ, ఇంకా," అంది బు కుస్తియా. మంచం అంచున కూర్చుండిపోయింది, కబుర్లకి కూర్చున్నట్టు. గుమ్మం దగ్గర తుమిని అవ్వ కూడా కోడలి వంకలు వింటూ ఒక్కోదానికీ తలాడిస్తోంది.

యాంతికి ఒక్కో వంకకీ ఒళ్ళు ఇంకొంచెం తేలికవుతోంది. గోడ వదిలి ముందుకి వచ్చింది. ఇంతగా ఎవరూ తనని గమనించలేదు ఇంతవరకూ. ఇంకా ఉంటే బాగుండనిపించింది.

"చెవి నులిమింది కూడా," అంది నింగ్సి చివరికి, కాస్త సిగ్గుపడి. "అది పర్వాలేదు."

బు కుస్తియా లేచింది. యాంతి పక్కగా వెళ్తూ, తలైనా తిప్పకుండా అంది: "గోళ్ళు కత్తిరించుకో. మెయిన్ రోడ్డు మీద కొబ్బరినూనె మిల్లు వాళ్ళ కోడలికి నెలలు నిండాయి. రేపటినుంచే వాళ్ళింటికి వెళ్ళి పరిచయం చేసుకో. ఆవిడా నీలాగే ఉంటుంది, దేనికైనా తలూపుతుంది."

"సోమవారం నేను అప్పడాల దగ్గరికి..." అని యాంతి నోరు జారింది.

"ఏ అప్పడాలు?"

"ఏం లేదండీ," అంది యాంతి.

బయట చెప్పుల చప్పుడు. నమాజు గదిలో దువా ముగించుకుని మేనత్తలూ పక్కింటావిడా, వాళ్ళతో పాటు ఎవరెవరో కొత్తవాళ్ళూ పొట్లాలు పట్టుకుని వసారాలోకి వస్తున్నారు. బిడ్డను చూడాలి, ఎత్తుకోవాలి, పేరేం పెడతారో అడగాలి. నింగ్సి ఆ చప్పుడు విని దిండు మీద నిటారుగా కూర్చోబోయింది. పెదాల మీద నవ్వు సర్దుకుంటోంది.

"పడుకో," అంది యాంతి. 'మీరు' పోయి ఆ 'నువ్వు' ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

వెళ్ళి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. ముందున్న పెద్ద మేనత్త, జుట్టంతా పండిన మనిషి, పొట్లం చేతికి ఇవ్వబోతూ నవ్వింది.

"ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం అమ్మాయ్."

యాంతి గుండె పొద్దున స్కూటరు మీద కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది.

"ఇప్పుడు కుదరదు పెద్దమ్మా," అంది. "ఆవిడ నిద్రపోవాలి. రేపు రండి."

పెద్ద మేనత్త నోరు తెరిచి తుమిని అవ్వ వైపు చూసింది. తుమిని అవ్వ గుమ్మం పక్కన కూర్చునే, పొట్లాల కోసం చేతులు చాపింది.

"నాకివ్వండి," అంది. "పొద్దుటినుంచీ ఏమీ తినలేదు నేను."